వాగ్గేయకారుల జీవితకథలు పిల్లలకు చెప్పడం

పాటలోని మాటనూ, ఆ మాటకు తగిన బాణీనీ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. సంగీతశాస్త్రంలో మాటను ‘మాతువు’ అనీ, బాణీని ‘ధాతువు’ అనీ అంటారు. అన్నమయ్య, రామదాసు, త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి ఈ కోవకు చెందినవారు. బాలసాహిత్యంలో వీరి జీవితకథలకు ఎప్పటినుంచో చోటుంది. వాటిని పిల్లలకు ఎలా చెప్పాలన్నది ఈ పాఠంలో చర్చిద్దాం. మీలో కొందరు ఇప్పటికే బడిలో పాఠాలు చెబుతున్నవారు, మరికొందరు ఇంట్లో పిల్లలున్నవారు. కనుక దీన్ని పరీక్ష కోసమే కాక, వాడుకోవడం కోసం కూడా చదవండి.

తెలిసినది, విన్నది

త్యాగరాజు 1767లో తిరువారూరులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు రామబ్రహ్మం. సంగీత గురువు శొంఠి వెంకటరమణయ్య. కావేరి ఒడ్డున తిరువైయారులో జీవించి, 1847 జనవరి 6న మరణించాడు. ఇది ఒక రకం సమాచారం. తంజావూరు రాజు శరభోజి కానుకలు పంపి కొలువుకు పిలిపిస్తే త్యాగరాజు కాదన్నాడనీ, కోపం పట్టలేని అన్నగారు పూజావిగ్రహాలను కావేరిలో పారవేశాడనీ, అవి ఎక్కడున్నదీ తర్వాత కలలో తెలిసిందనీ చెప్పే కథ మరో రకం. ఇది శిష్యుల నోట, హరికథకుల నోట సాగుతూ మనదాకా వచ్చింది.

ఈ రెండింటినీ ఒకే గొంతుతో చెప్పడమే మన జీవితకథల పుస్తకాల్లో తరచుగా కనిపించే లోపం. పదేళ్ల వయసులో అన్నీ నిజమని నమ్మిన పిల్లవాడు ఇరవై ఏళ్లకు కొన్ని కథలకు ఆధారం లేదని తెలుసుకుంటాడు. అప్పుడు కథలతో పాటు మనిషినీ, మనిషితో పాటు పాటనూ పక్కన పెట్టేస్తాడు. ఆ నష్టం చిన్నది కాదు.

దీనికి మందు తెలుగు వ్యాకరణంలోనే ఉంది. మనం కళ్లారా చూడని, ఇతరుల వల్ల విన్న సంగతికి చివర ‘ట’ చేరుస్తాం. “త్యాగరాజు తిరువైయారులో ఉండేవాడు” అన్న వాక్యానికీ, “రాజుగారు కానుకలు పంపితే వద్దన్నాడట” అన్న వాక్యానికీ ఉన్న తేడా నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. “నాన్న వచ్చాడు”, “నాన్న వచ్చాడట” అనే మాటలను అది ఇంట్లో రోజూ వింటూనే ఉంటుంది. కనుక ఐతిహ్యాన్ని తీసివేయనక్కరలేదు, ‘ట’తో చెబితే చాలు. అసలు తీసివేయడం నాకు సమ్మతం కాదు. రాజు కానుకను కాదన్న కథను జనం ఇన్నేళ్లు ఎందుకు చెప్పుకున్నారో ఆలోచిస్తే, వారు ఆయనలో దేన్ని గౌరవించారో తెలుస్తుంది. అదీ చరిత్రే.

రాగిరేకుపై ఒక తీసివేత లెక్క

ఆధారం అంటే ఏమిటో పిల్లలకు చూపడానికి అన్నమయ్య చక్కని ఉదాహరణ. ఆయన సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక అరలో భద్రపరిచారు. గత శతాబ్దంలో వాటిని వెలికితీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు పరిష్కరించి అచ్చుకు సిద్ధం చేశారు. అన్నమయ్యకు పదహారేళ్ల వయసులో స్వామి దర్శనమైన సంవత్సరం శాలివాహన శకం 1346 అని రేకుపై ఉంది. ఆయన కన్నుమూసిన శక సంవత్సరం 1424 అనీ ఉంది. పుట్టిన సంవత్సరం విడిగా లేదు.

ఇక్కడ పుస్తకం మూసి పలకలు తీయించండి. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. 1346కు 78 కలిపితే 1424. అందులోంచి 16 తీసేస్తే 1408. పుస్తకాల్లో కనిపించే జన్మ సంవత్సరం ఇలా వచ్చిందే. మరణం ఫాల్గుణ మాసంలో కనుక శకం 1424 అంటే 1503 తొలి నెలలు. అక్కడ 78కి బదులు 79 ఎందుకు కలపాలో పెద్ద తరగతి పిల్లలను అడగండి. ఉగాదికీ జనవరి ఒకటికీ మధ్య ఉన్న తేడా దగ్గరకు వాళ్లే వస్తారు. స్వామి దర్శనం నమ్మకానికి సంబంధించిన విషయం, దాని కింద వేసిన సంవత్సరం లెక్కకు అందే విషయం. రెండూ ఒకే రేకుపై ఉన్నాయి.

ఆ రేకులపై పాటకు రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. అంటే మాతువు మిగిలింది, ధాతువు పోయింది. ఈనాడు మనం వింటున్న బాణీలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన తర్వాతివారు కూర్చినవి. 1997లో వచ్చిన సినిమా చూసిన పిల్లలకు అన్నమయ్య ముఖమూ, గొంతూ రెండూ సినిమావే. దాన్ని ఖండించే పని పెట్టుకోకండి. “ఈ బాణీ ఎవరిది?” అని మాత్రం అడగండి.

ఆ డబ్బు ఎవరిది?

రామదాసు కథ చెప్పినప్పుడు చురుకైన పిల్ల ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. కంచర్ల గోపన్న నేలకొండపల్లివాడు. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో తహసీలుదారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించాడు. ఖర్చయినది ప్రజలు కట్టిన శిస్తు సొమ్ము. అందుకే చెరసాల. రాముడే వచ్చి బాకీ తీర్చాడట.

ప్రశ్నను తప్పించుకోకండి. ‘రాజు చెడ్డవాడు, భక్తుడు మంచివాడు’ అని చెప్పేస్తే కథ తేలిక అవుతుంది, కానీ తరగతిలో కూర్చున్న ఏదో ఒక పిల్లవాడి మనసుకు ముల్లు గుచ్చుకోవచ్చు. రామదాసు స్వయంగా తన కీర్తనలో ఏ నగకు ఎంతైందో రాముడికి లెక్క అప్పజెప్పి నిష్ఠూరమాడాడు. ఇరుకున పడ్డానని ఆయనకే తెలుసు. పాటలోని ఆ వేదన వినాలంటే ముందు ప్రశ్న ప్రశ్నగా నిలబడాలి. భద్రాచల కల్యాణానికి ప్రభుత్వం పంపే ముత్యాల తలంబ్రాల ఆచారం తానీషాతోనే మొదలైందట. ఆ మాట కూడా పిల్లల చెవిన వేయండి.

పాటలో సంతకం

కథ ఎంత బాగున్నా పాట వినిపించకపోతే వాగ్గేయకారుడు పరిచయమైనట్టు కాదు. దీనికి సులువైన ఆట ముద్రను వెతకడం. చరణంలో త్యాగరాజు తన పేరే పెట్టుకుంటాడు. దీక్షితులది ‘గురుగుహ’, శ్యామశాస్త్రిది ‘శ్యామకృష్ణ’. పాట వినిపించి, సంతకం వినగానే చేయి ఎత్తమనండి. కదలకుండా వినడం నేర్పడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనబడలేదు. క్షేత్రయ్య ముద్ర ‘మువ్వగోపాల’. అయితే ఆయన పదాలు శృంగారప్రధానం కనుక ఈ వయసులో పేరు చెప్పి ఊరుకుంటే చాలు.

దీక్షితుల కృతులు చిన్నపిల్లలకు బరువు అనుకుంటే ఆయన నోటుస్వరాలతో మొదలుపెట్టవచ్చు. ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలను విని, శంకరాభరణ స్వరాల్లో, సంస్కృతంలో రాసిన చిన్న పాటలవి. వాటిలో ఒకటి సాక్షాత్తు బ్రిటిష్ జాతీయగీతం బాణీయే. విదేశాల్లో పియానో నేర్చుకుంటున్న మన పిల్లలకు ఇవి వెంటనే పట్టుబడతాయి.

కథ ఎక్కడ ముగించాలి?

మరణంతో ముగించాలన్న నియమం లేదు. త్యాగరాజు కథను ఇరవయ్యో శతాబ్దం దాకా చెప్పండి. శిథిలమైన ఆయన సమాధి చోట బెంగళూరు నాగరత్నమ్మ తన సంపాదన ఖర్చుపెట్టి 1920లలో మందిరం కట్టించింది. ఆమె దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని. ఆరాధనోత్సవాల్లో అప్పటికి స్త్రీలకు పాడే వీలు లేదు. ఆమె అందుకు ఒప్పుకోక పోరాడింది. ఈ భాగానికి ‘ట’ అవసరం లేదు.

అభ్యాసం

మీకు అందుబాటులో ఉన్న ఒక వాగ్గేయకారుడి జీవితకథను పిల్లల పుస్తకంలో చదవండి. అందులో ‘ట’ చేర్చవలసిన వాక్యాల కింద గీత గీయండి. ఆ కథను పదేళ్ల పిల్లకు చెబుతున్నట్టుగా ఒక పుటలో తిరగరాయండి. ఏ పాటను, కథలో ఏ చోట వినిపిస్తారో, అక్కడే ఎందుకో రాయండి.