సర్ఫేస్ కంప్యూటింగ్

బల్లనే కంప్యూటర్‌గా మార్చే సాంకేతికత ఇది. మౌస్, కీబోర్డు అక్కర్లేదు. 2006లో పరిశోధకుడు జెఫ్ హాన్ టెడ్ సదస్సు వేదికపై బహుళ స్పర్శ తెరను చూపించి ఆశలు రేపారు. మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ ‘సర్ఫేస్’ బల్లను ప్రకటించింది. 30 అంగుళాల తెర కింద అయిదు కెమెరాలు పరారుణ కాంతి సాయంతో ఎన్నో వేళ్లను ఒకేసారి గుర్తించేవి. ప్రత్యేక గుర్తు అంటించిన గ్లాసును పైన పెడితే అదేమిటో బల్లకు తెలిసిపోయేది. నలుగురు చుట్టూ కూర్చుని ఒకే ఫొటోనో మ్యాపునో కలిసి కదపడమే దీని అసలు బలం. ఒక్కరి చేతిలో ఇమిడే ఫోన్ ఆ పని చేయలేదు. బల్ల ధర దాదాపు 10,000 డాలర్లు కావడంతో హోటళ్లు, దుకాణాలకే పరిమితమైంది. 2012లో ‘సర్ఫేస్’ పేరు ట్యాబ్లెట్‌కు వెళ్లింది, బల్ల ‘పిక్సెల్‌సెన్స్’ అయింది.