పఠనమందిరము

గ్రంథాలయమన్నంతనే మనకు బీరువాలు జ్ఞప్తికి వచ్చును గాని, చదువరి కూర్చుండు చోటు జ్ఞప్తికి రాదు. శిలాఫలకముపై దాతల పేర్లకు దొరకినంత స్థలమైనను పాఠకుని మోచేతికి దొరకని భవనములు మన పట్టణములందు లేకపోలేదు.

పూర్వులు పుస్తకమును ప్రజల చెంతకు చేర్చుటయే దేశసేవగా నెంచిరి. 1914లో బెజవాడయందు గ్రంథాలయోద్యమము సంఘరూపము దాల్చెను. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువ వెంట పడవమీద గ్రంథములను నడపించిరి. నేడో, ప్రజలే గ్రంథాలయమునకు వచ్చుచున్నారు. ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు యువతీయువకులు ఉదయము వచ్చి చీకటి పడువఱకు కదలరు. పత్రిక చూచి అరగంటలో లేచిపోవు పెద్దలును ఆ బల్లలయొద్దనే కూర్చుండవలసివచ్చుచున్నది. ఇరువురకును సుఖము లేదు.

కావున క్రొత్త భవనము తలపెట్టువారు ముందుగా పఠనమందిరమును యోచింపవలెను. పత్రికలకు ద్వారము చెంతనే వేఱొక గది యుండవలెను. పెద్దగది తూర్పు పడమరలుగా పొడవై, ఉత్తర దక్షిణములందు ఎత్తైన కిటికీలు గలిగియుండవలెను. ఉత్తరపు వెలుతురు నిలుకడయైనది. కన్నులకు ఎండపొడ తగులదు. దక్షిణమునను పడమటను వరండా యున్నచో వేసవితాపము గోడల నంటదు. ఒక్కొక్కరికి నడకదారితో గూడ సుమారు 25 చదరపుటడుగులు వలయును. అనగా 50 మందికి 1250. దీపము బల్లమీద పడవలెను, కంటిలో కాదు. మంచినీరును, స్త్రీలకు ప్రత్యేకముగా శుభ్రమైన మరుగుదొడ్డియు లేనిచో యువతులు దినమంతయు నెట్లు చదువగలరు?

ఇది విలాసము కాదు. పుస్తకము దాచుటకు గాక వినియోగించుటకే యని ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో మొదటిది బోధించుచున్నది. కూర్చుండ వీలులేని చోట వినియోగ మెక్కడిది?

ధనమెక్కడిదందురా? ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను మనము చెల్లించుచునే యున్నాము. అది గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరుచున్నదా, చేరినది దేనికి వ్యయమగుచున్నది యని అడుగు హక్కు పన్ను కట్టు ప్రతివానికిని గలదు. గృహస్థులు ఒక్కసారి తమ యూరి గ్రంథాలయమునకు పోయి గంటసేపు కూర్చుండి చదివి చూతురు గాక. నడుము నొచ్చినచో, గాలి యాడనిచో, అక్షరము కానరానిచో, తమ బిడ్డలు దినమునకు పది గంటలు భరించుచున్న దేమో బోధపడును. అడుగవలసిన ప్రశ్నలును అప్పుడే తోచును.