బుజ్జిగాడికి సూది వేయించారా?

పిల్లల టీకాల కార్డును బీరువాలో భద్రంగా దాచే ఇళ్లలో కూడా కుక్కపిల్ల కార్డేదని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. 'ఒకసారి వేయించాం కదా, మళ్లీ ఎందుకూ?' అన్నది చాలామంది ప్రశ్న.

కారణం తల్లిపాలలోనే ఉంది! పుట్టగానే తాగిన ముర్రుపాలతో పిల్లకు తల్లి నుంచి రక్షణ వస్తుంది. అది ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. మధ్యలో మానేస్తే పార్వోకి తలుపు తీసినట్లే. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండుమూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. తర్వాత బూస్టరు, ఆపైన ఏటా. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు ఈ టీకా ఇచ్చారు. ఆ గుర్తుగా జరిపే జూనోసిస్ దినోత్సవం నాడు పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా వేస్తుంటారు.

కృష్ణా డెల్టా వాళ్లకు ఇంకో సంగతి. వరిచేలు, కాలువలు ఉన్నచోట ఎలుకలూ ఉంటాయి. వాటి మూత్రం కలిసిన నీళ్లతో కుక్కకు లెప్టోస్పైరోసిస్ సోకుతుంది, దాన్నుంచి ఇంట్లోవాళ్లకూ రావచ్చు. దీనికీ ఏటా టీకా ఉంది.

గన్నవరంలో 1998లో ఏర్పాటైన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉండనే ఉంది. సూదికి తీసుకెళ్లినప్పుడే బరువు, పళ్లు, చెవులు, పిడుదులు కూడా చూపించండి. కార్డు మీద తేదీ, బ్యాచ్ నంబరు రాయించుకోవడం మర్చిపోకండి.