చీపురు పట్టిన చేతినీ అడగండి

సబ్హాన్ అనగానే కువైట్‌లోని మనవాళ్లకు గుర్తొచ్చేవి ఫ్యాక్టరీలు, గోదాములు, బారులు తీరిన లారీలు. కువైట్ సైన్యానికి చెందిన జాబర్ అల్ అహ్మద్ సాయుధ దళాల ఆసుపత్రి ఉన్నది కూడా ఇక్కడే. కోవిడ్ రోజుల్లో అందరి నోళ్లలో నానిన సౌత్ సుర్రాలోని జాబర్ ఆసుపత్రి వేరు, ఇది వేరు.

ఏ పెద్దాసుపత్రిలోనైనా సిబ్బందిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఇన్‌ఫెక్షన్ అంటకుండా ఇక్కడ తీసుకుంటున్న జాగ్రత్తలతో మీకు తృప్తిగా ఉందా?" ఇది మొహమాటానికి అడిగేది కాదు. శానిటైజర్ సీసా ఖాళీగా ఉన్నా, గ్లోవ్స్ సైజు సరిపోకపోయినా, కడిగి కడిగి చేతులు పగిలిపోతున్నా ఎంత మంచి నర్సయినా ఎక్కడో ఒకచోట తప్పిపోతుంది. ఆ ఫలితం రోగి మీద పడుతుంది. ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, మిగతా దేశాల్లో 15 మందికి అక్కడే ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ అంటుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

అయితే ఆ ప్రశ్న ఎవరిని అడుగుతున్నారన్నదే అసలు సంగతి. డాక్టర్లను, నర్సులను అడుగుతారు సరే. వార్డు తుడిచేవాళ్లు, చెత్త సంచులు మోసేవాళ్లు, స్ట్రెచర్ తోసేవాళ్ల మాటేమిటి? కువైట్ ప్రభుత్వాసుపత్రుల్లో శుభ్రం చేసే పని చాలావరకు కాంట్రాక్టు కంపెనీలదే. ఆ కంపెనీల షూన్ వీసాల మీద వచ్చినవాళ్లలో మన జిల్లాలవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రి హాజరు పట్టీలో వాళ్ల పేర్లుండవు. రోగానికి మాత్రం ఆ తేడా తెలియదు కదా!

2015లో దక్షిణ కొరియాలో ఏం జరిగిందో చూద్దాం. గల్ఫ్ దేశాలు తిరిగి వెళ్లిన ఒక్క ప్రయాణికుడితో మెర్స్ మొదలై 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. సియోల్‌లోని ఒక పెద్దాసుపత్రిలో రోగులను తరలించే కాంట్రాక్టు ఉద్యోగి పేరు నిఘా జాబితాలో లేకుండా పోయింది. పాపం, ఒంట్లో బాగోకపోయినా రోజుల తరబడి పనిచేశాడు. జాబితా తయారుచేసినవాళ్లకు అతను 'మనవాడు' కాకుండా పోయాడు.

అందుకే మేము కోరేది పెద్ద కోరికేం కాదు. సర్వే కాగితం క్లీనర్ చేతికీ ఇవ్వండి. అరబ్బీ, ఇంగ్లీషు రానివాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వాళ్లకీ వేయించండి.

అక్కడ పనిచేసే మనోళ్లకూ ఒక మాట. చెత్త సంచిలో సూది గుచ్చుకుంటే రక్తం పిండొద్దు. కుళాయి నీళ్ల కింద సబ్బుతో కడుక్కుని వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పండి, డాక్టర్‌కు చూపించుకోండి. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. పని పోతుందేమోనన్న భయంతో దాచుకుంటే ఆ గంటలు మళ్లీ రావు. చెప్పినవాడి మీద కోప్పడకుండా మందు ఇప్పించే ఆసుపత్రిలోనే సిబ్బంది తృప్తిగా ఉన్నారంటే మేమూ నమ్ముతాం.