సికిల్ సెల్ బిడ్డ బక్కగా ఉంటే తప్పు తల్లిదా?

"బిడ్డకు తిండి సరిగా పెట్టడం లేదా?" ఆదివాసీ, దళిత తల్లులు ఆసుపత్రుల్లో తరచూ పడే మాట ఇది. సికిల్ సెల్ ఉన్న బిడ్డ విషయంలో ఆ ప్రశ్నే తప్పు. మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలిలా వంగిన కణం 10 నుంచి 20 రోజులకే పోతుంది. కొత్త రక్తం తయారు చేసుకోవడానికే ఒంట్లో శక్తి ఎక్కువగా ఖర్చవుతుంది. అందుకే తోటి పిల్లలంత తిన్నా ఎదుగుదల వెనకబడుతుంది. నొప్పులొచ్చిన రోజుల్లో ఆ కాస్త తిండీ సహించదు.

కంచం నిండా పెట్టి బలవంతం చేస్తే లాభం లేదు. రోజుకు ఐదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. అన్నంలో చెంచా నూనె, పల్లీల పొడి, పప్పు, గుడ్డు కలిస్తే అదే ముద్దకు బలం పెరుగుతుంది. నీళ్లు తరచూ తాగించాలి. నొప్పి తగ్గి ఆకలి తిరిగొచ్చిన రోజుల్లో ఇంకో పూట ఎక్కువ పెట్టాలి. పెద్దకూర తినే ఇళ్లలో అదీ మంచి మాంసకృత్తులే. దాన్ని చూసి ముఖం చిట్లించేవాళ్లు బిడ్డ బరువు పెంచరు కదా!

ఒక్క జాగ్రత్త: తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది. డాక్టర్ చెప్పకుండా ఐరన్ టానిక్ పట్టొద్దు. చిన్నపిల్లలైతే అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూయించండి. రెండు నెలలు వరసగా పెరగకపోతే ఆ కార్డు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.