లోతు తక్కువ సరస్సులలో నితల అకశేరుకాలు: ఆవాస ప్రభావం – కొల్లేరు నేపథ్యం

ఉపోద్ఘాతం

సరస్సు అడుగునేలను, అక్కడి మొక్కలను ఆశ్రయించి జీవించే వెన్నెముక లేని ప్రాణులను నితల అకశేరుకాలు అంటారు. నత్తలు, ఆలుచిప్పలు, బురద పురుగులు, కీటక డింభకాలు వీటిలో ముఖ్యమైనవి. నీటి నాణ్యతకు వీటిని సూచికలుగా పరిగణిస్తారు. అయితే వీటి ఉనికిని నిర్ణయించేది కాలుష్యం ఒక్కటే కాదు, ఆవాస స్వరూపం కూడా. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు ఈ అంశాన్ని పరిశీలించడానికి తగిన ఉదాహరణ.

ఆవాసాలు – జీవసముదాయాలు

లోతు తక్కువ కావడం వల్ల గాలికి లేచే అలలు అడుగు బురదను తరచు కలచివేస్తాయి. మొక్కలు లేని నడిమి భాగంలో అంటిపెట్టుకోవడానికి గట్టి ఆధారం ఉండదు. సేంద్రియ పదార్థం కుళ్లే బురదలో ఆక్సిజన్ పలుచని పైపొరకే పరిమితమవుతుంది. హీమోగ్లోబిన్ కలిగిన ట్యూబిఫెక్స్ పురుగులు, కైరోనమస్ డింభకాలు అక్కడ నిలదొక్కుకోగలవు.

కిక్కిస, నీట మునిగి పెరిగే మొక్కలు ఉన్నచోట పరిస్థితి భిన్నం. కాండాలపై పెరిగే సూక్ష్మ శైవలాలను నత్తలు మేస్తాయి. తూనీగ డింభకాలు పొంచి వేటాడతాయి. చేపల బారి నుంచి దాగడానికి చోటు దొరుకుతుంది. కనుక జాతి వైవిధ్యం ఇక్కడ సాధారణంగా ఎక్కువ. అయితే మొక్కలన్నీ ఒకే ఫలితాన్ని ఇవ్వవు. గుర్రపుడెక్క వేళ్లు చిన్న జీవులకు ఆశ్రయమిచ్చినా, అది దట్టంగా పరుచుకుంటే వెలుతురును అడ్డుకుని కింది నీటిలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది.

నమూనా సేకరణలో చిక్కు

మెత్తని బురదకు ఎక్మన్ గ్రాబ్ అనువైనది. మొక్కల మధ్య దాని దవడలు సరిగా మూసుకోవు కనుక అక్కడ చేతివల అవసరం. బురద నమూనాలను మాత్రమే తీస్తే, కాలుష్యం లేని సరస్సు సైతం కలుషితమైనట్లు కనిపించవచ్చు.

కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. ఇటువంటి చర్య ఫలితాన్ని అంచనా వేసేటప్పుడు, మునుపటి నమూనా చెరువు బురద నుంచి, తరువాతిది కిక్కిస అంచు నుంచి తీసుకుంటే, పెరిగినట్లు కనిపించే వైవిధ్యం పునరుద్ధరణకు నిదర్శనం కాజాలదు. అది ఆవాసాల తేడా మాత్రమే.

ముగింపు

కాబట్టి ఒకే రకమైన ఆవాసాలను, ఒకే రుతువులో, ఒకే పద్ధతిలో పోల్చాలి. ప్రతి నమూనాతోపాటు లోతు, అడుగునేల స్వభావం, మొక్కల సాంద్రత నమోదు చేయాలి. ఒక్కో ఆవాసం ఆక్రమించిన విస్తీర్ణాన్ని కూడా కొలవాలి. కిక్కిస అంచు కుంచించుకుపోతున్నా, మిగిలిన అంచులో వైవిధ్య సూచిక యథాతథంగా ఉండవచ్చు. విస్తీర్ణాన్ని లెక్కించకపోతే సరస్సుకు జరిగిన నష్టం ఆ సూచికలో కనిపించదు.