ఆన్‌లైన్ అభ్యసనంలో విద్యామండళ్ళ సహకారం: 'దీక్ష' వేదిక

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో బడికి వెళ్ళే పిల్లల పాఠ్యపుస్తకం ఒకటి తెరిచి చూడండి. నలుపు తెలుపు గళ్ళతో ఒక చిన్న చతురస్రం, దాని పక్కనో కిందనో అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల సంకేతం కనిపిస్తాయి. ఈ విభాగంలో మనం చర్చించే విషయమంతా ఆ క్యూఆర్ కోడ్ చుట్టూనే తిరుగుతుంది.

పాఠశాల విద్యలో ప్రతి రాష్ట్ర బోర్డుకూ తన సిలబస్, తన పుస్తకాలు, తన పరీక్షలు ఉంటాయి. కేంద్ర స్థాయిలో సీబీఎస్‌ఈ వేరు. వీటన్నిటినీ కలిపి ఒకే పాఠ్యక్రమం చేయడం కష్టం. నా దృష్టిలో అది వాంఛనీయం కూడా కాదు. మరి ఈ బోర్డులు దేన్ని పంచుకోగలవు?

2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించిన 'దీక్ష' వేదిక ఈ ప్రశ్నకు ఒక సమాధానం చూపింది. ఇక్కడ పంచుకునేది సిలబస్‌ను కాదు, పాఠ్య వనరును. అంటే ఒక వీడియో, ఒక బొమ్మ, పది ప్రశ్నల అభ్యాసం వంటి చిన్న చిన్న భాగాలను. ఒక్కో వనరుకు బోర్డు, మాధ్యమం, తరగతి, విషయం అనే గుర్తులు తగిలిస్తారు. ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియను తీసుకోండి. తెలంగాణ పదో తరగతి జీవశాస్త్రంలో అది 'పోషణ' పాఠంలో వస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో జీవక్రియల అధ్యాయంలో భాగం. ఒకరు తయారుచేసిన వీడియోను మరొకరు తమ భాషలోకి మార్చుకుని, తమ పాఠానికి జతచేసుకోవచ్చు. పుస్తకం ఎవరిది వారిదే, శ్రమ మాత్రం ఉమ్మడి.

పాఠాన్ని ఒకసారి ఫోన్‌లోకి దించుకుంటే తరవాత ఇంటర్నెట్ లేకపోయినా చూడవచ్చు. ఆకాశవాణి పాఠం కోసం మన దూరవిద్య విద్యార్థులు గడియారం చూసుకుంటూ కూర్చున్న రోజులు గుర్తున్న నాకు ఇది చిన్న సదుపాయంగా కనిపించదు.

అయితే 2020లో బడులు మూతపడినప్పుడు అసలు చిక్కు బయటపడింది. తండ్రి ఫోన్ పట్టుకుని పనికి పోతే ఇంట్లో పిల్లలకు యాప్ ఉన్నా లేనట్టే. అందుకే ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. కేంద్రం 'పీఎం ఈ-విద్య' కింద తరగతికి ఒక టీవీ ఛానెల్ చొప్పున ఏర్పాటు చేసింది.

ఇక వలస పిల్లల సంగతి. పంట కోతలయ్యాక ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు ఏటా తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. వానలకు ముందు తిరిగి వెళతాయి. విద్యాసంవత్సరం సగంలో బడి వదిలిన పిల్ల బట్టీ దగ్గర కూర్చుని, ఫోన్ దొరికితే, తన ఒడియా పాఠాన్నే తెరుచుకోవచ్చు. పాఠం హద్దు దాటి వచ్చింది. కానీ ఇక్కడ చదివిన ఆ నెలల హాజరును, రాసిన పరీక్షను ఊళ్ళోని బడి లెక్కలోకి తీసుకోవాలంటే రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ మాట్లాడుకోవాలి. ఆ పని ఏ యాప్ వల్లా కాదు. విద్యామండళ్ళ సహకారాన్ని అంచనా వేసేటప్పుడు వనరుల పంపకాన్నీ, గుర్తింపు విషయంలో ఒప్పందాన్నీ మీరు వేరువేరుగా చూడాలి. మొదటిది సాంకేతికంగా సులువు; రెండోది పరిపాలనకు సంబంధించినది, అందుకే వెనకబడుతుంది.

అభ్యాసం: మీకు నచ్చిన ఒక విజ్ఞానశాస్త్ర పాఠాన్ని, ఒక సాంఘికశాస్త్ర పాఠాన్ని దీక్షలో రెండు బోర్డుల కింద తెరిచి చూడండి. ఏ పాఠం ఉన్నదున్నట్టుగా రెండో బోర్డుకు పనికివస్తుందో, ఏది రాదో కారణాలతో ఒక పేజీ రాయండి.